నాట్యశాలలో న్యాయం: పిల్లల బ్యాలే తరగతులు, తల్లిదండ్రుల ఆందోళన

విద్యారంగంలో న్యాయాన్ని గూర్చి తలచినప్పుడు మన దృష్టి సహజంగా పరీక్షల మీదికి, మార్కుల మీదికి, సీట్ల మీదికి పోతుంది. ఇవన్నీ అంకెలతో కొలవదగినవి. ఎవరికైనా అన్యాయం జరిగినదని తోచితే జవాబు పత్రాన్ని తిరిగి దిద్దించవచ్చును, జాబితాను సరిచూడవచ్చును. కాని అంకెలకు లొంగని విద్యలు కూడా కలవు. సంగీతం, నాట్యం, చిత్రలేఖనం ఆ కోవలోనివి. వీటిలో గురువు కన్నే త్రాసు, గురువు మాటే తీర్పు. అట్టి చోట ఒక బిడ్డకు న్యాయం జరుగుతున్నదో లేదో తెలిసికొనడం ఎట్లు? తల్లిదండ్రుల మనసులో పుట్టే సందేహానికి ఆధారం ఉన్నదో లేదో నిర్ణయించడం ఎట్లు? ఈ ప్రశ్నలను పరిశీలించడానికి పాశ్చాత్య దేశాలలోని పిల్లల బ్యాలే తరగతులను ఉదాహరణగా తీసికొంటున్నాము. దూరపు వస్తువును చూచేటప్పుడు మనసులో రాగద్వేషాలు తక్కువగా ఉంటాయి. పైగా ఆ దేశాలలో ఈ విషయంపై బహిరంగ చర్చ, అధికారిక విచారణ కూడా జరిగినవి కావున మన పరిశీలనకు తగిన సామగ్రి లభిస్తున్నది.

బ్యాలే పుట్టుక, దాని క్రమశిక్షణ

బ్యాలే ఇటలీ, ఫ్రాన్సు రాజాస్థానాలలో పుట్టి పెరిగిన నృత్యకళ. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ స్వయంగా నర్తకుడు. ఆయన 1661లో రాజ నృత్య అకాడమీని నెలకొల్పాడు. పారిస్ ఆపెరాకు అనుబంధంగా 1713లో నృత్యపాఠశాల ఏర్పడినది. 1738లో రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాజపోషణతో మరొక పాఠశాల వెలసినది. ఆ పాఠశాలలోనే చదివి, తరువాత అక్కడనే బోధించిన అగ్రిప్పినా వగనోవా 1934లో తన బోధనాపద్ధతిని గ్రంథరూపంలో ప్రకటించినది. లండనులో 1920లో నృత్యోపాధ్యాయుల సంఘం ఒకటి ఏర్పడి, క్రమంగా రాయల్ అకాడమీగా రూపొంది, అనేక దేశాలలో పిల్లలకు శ్రేణుల వారీగా పరీక్షలు నిర్వహించసాగినది.

ఈ చరిత్రను ఇక్కడ చెప్పడానికి కారణం కలదు. బ్యాలే తరగతిలో నేటికీ పలికే ప్లియే, తాండ్యు, అరబెస్క్ మొదలగు పదాలు ఫ్రెంచి రాజసభ నుండి వచ్చినవే. పదాలతో పాటు ఆ సభ యొక్క మర్యాద, గురువు పట్ల మౌనవిధేయత కూడా వచ్చినవి. పిల్లలు ఒక కొయ్యకడ్డీని పట్టుకొని వరుసగా నిలిచి తరగతిని ప్రారంభిస్తారు. ఆ కడ్డీకి బార్ అని పేరు. తరువాత గది మధ్యకు వచ్చి పంక్తులుగా నిలుస్తారు. గురువు చెప్పినది చేయడమే గాని ఎదురు ప్రశ్నించడం ఆ సంప్రదాయంలో లేదు. తరగతి జరిగేటప్పుడు తలుపు మూసి ఉంటుంది. కొన్ని పాఠశాలలలో నిర్ణీతమైన వారంలో మాత్రమే తల్లిదండ్రులను లోనికి రానిస్తారు. పిల్లల ఏకాగ్రత చెడకుండుటకు ఇది మంచిదే. కాని మూసిన తలుపు వెలుపల కూర్చున్న తల్లికి తన బిడ్డ ముఖం చూచి ఊహించుకొనడం తప్ప వేరు మార్గం లేదు. ఆందోళనకు మొదటి బీజం ఇక్కడనే పడుతున్నది.

రెండు విధాలైన పాఠశాలలు

బ్యాలే పాఠశాలలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటివి వృత్తి విద్యాలయాలు. వీటిలో చేరడానికే కఠినమైన ఎంపిక ఉంటుంది. కాళ్ల పొడవు, పాదం వంపు, తుంటికీలు తిరిగే తీరు మొదలగువానిని పరిశీలించి పిల్లలను చేర్చుకొంటారు. ఏటేటా మదింపు జరిపి కొందరిని పంపివేసే ఆచారం కూడా వీటిలో చాలకాలంగా ఉన్నది. రెండవవి పేటలలో, వారానికి ఒకటి రెండు గంటలు, తల్లిదండ్రులు చెల్లించే ఫీజు మీద నడిచే సాధారణ తరగతులు. వీటిలో చేరే పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా వృత్తి నర్తకులు కాబోరన్న సంగతి అందరికీ తెలిసినదే. వారు ఆరోగ్యానికి, ఆనందానికి, నిటారుగా నిలిచి నడవడానికి నేర్చుకొంటారు.

చిక్కు ఎక్కడ వస్తున్నదనగా, మొదటి విధమైన పాఠశాల అలవాట్లు రెండవ విధమైన పాఠశాలలోకి ప్రవేశిస్తున్నవి. రాజపోషణలో, పిల్లల తిండి బట్టల భారం ప్రభుత్వమే వహించే చోట, రంగస్థలానికి పనికివచ్చేవారిని మాత్రమే ఏరుకొనడంలో ఒక తర్కం ఉన్నది. తల్లి తన జీతంలో నుండి ఫీజు కట్టే చోట ఏడేండ్ల పిల్లను అదే కన్నుతో చూచి, నీ కాళ్లు పొట్టివి అని వెనుక పంక్తికి నెట్టడంలో ఏ తర్కమూ లేదు. ఆమె అక్కడకు ఎంపిక కోసం రాలేదు, నేర్చుకొనడానికి వచ్చినది.

ఏరివేసే కన్ను కూడా సర్వదా సత్యం చూడదు. ప్రపంచ ప్రఖ్యాత నర్తకి అన్నా పావ్లోవా ఒక చాకలి స్త్రీ కుమార్తె. వయసు చాలదని, దేహం బలహీనంగా ఉన్నదని రాజపాఠశాల ఆమెను తొలుత త్రిప్పిపంపినది. 1891లో పదేండ్ల వయసులో ఆమెకు ప్రవేశం లభించినది. ఆ మొదటి తిరస్కారంతో తల్లి నిరాశ చెంది ఊరకున్నచో ప్రపంచానికి పావ్లోవా లభించియుండేది కాదు. అమెరికాలో మిస్టీ కోప్లాండ్ పదమూడవ ఏట మాత్రమే బ్యాలే ప్రారంభించినది. ఆ వయసుకు ఇతరులు ఐదారేండ్ల శిక్షణ పూర్తిచేసి ఉంటారు. 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రధాన నర్తకిగా నియమితురాలైన మొదటి నల్లజాతి మహిళ ఆమెయే.

తల్లిదండ్రుల ఫిర్యాదులు

సాధారణ తరగతులను గూర్చి తల్లిదండ్రులు చెప్పుకొనే బాధలను నాలుగుగా విభజింపవచ్చును.

మొదటిది దృష్టి. గురువు కొందరినే చూచి సరిదిద్దుతారు, మా బిడ్డను పలకరించనైనా పలకరించరు అనేది తరచుగా వినవచ్చే మాట. బ్యాలేలో దిద్దుబాటు పొందడం శిక్ష కాదు, వరం. మోకాలు ఎక్కడ వంగినదో, భుజం ఎక్కడ ఎత్తుగా ఉన్నదో గురువు చెప్పినప్పుడే బిడ్డ ముందుకు పోతుంది. ఏమీ చెప్పక వదలివేసిన బిడ్డ తన తప్పును ఏండ్ల తరబడి అభ్యాసం చేస్తూ పోతుంది.

రెండవది పాత్రల పంపిణీ. నట్‌క్రాకర్ అనే బ్యాలే 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదట ప్రదర్శింపబడినది. 1954లో బలాంచిన్ న్యూయార్కులో దానిని పెక్కుమంది పిల్లలతో రూపొందించిన పిమ్మట, ప్రతి డిసెంబరులో దానిని ఆడడం అమెరికా పట్టణాలలో ఆనవాయితీ అయినది. ఒక బాలిక నాయిక అవుతుంది, తక్కినవారు ఎలుకలు, సైనికులు, దేవదూతలు అవుతారు. గురువు కుమార్తెకో, ఎక్కువ విరాళం ఇచ్చినవారి కుమార్తెకో ఆ పాత్ర లభించినదని గుసగుసలు బయలుదేరుతాయి. మగపిల్లలు తక్కువ కావున వారికి ఫీజు తగ్గించి, మంచి పాత్ర కూడా ఇచ్చినారని మరికొందరు నొచ్చుకొంటారు.

మూడవది శరీరాన్ని గూర్చిన మాటలు. నాలుగవది రంగు, మతం, పేదరికం, అంగవైకల్యం కారణంగా కొందరు పిల్లలు అంచుకు నెట్టబడడం. ఈ చివరి రెండూ మొదటి రెండింటికంటె లోతైనవి. వాటిని వేరుగా చర్చించవలసి ఉన్నది.

ఇన్సాఫ్ అనగానేమి?

మన కళాశాలలో ఉర్దూ చదివే మిత్రులకు ఇన్సాఫ్ అనే మాట సుపరిచితం. అరబ్బీలో సగం అనే అర్థమిచ్చే నిస్ఫ్ అనే మాటకు అది చుట్టం. అనగా న్యాయం అనే భావంలోనే సగము సగముగా పంచడం అనే చిత్రం ఇమిడి ఉన్నది. ఐతే లోకంలో అన్నింటినీ అట్లు పంచగలమా? ఆలోచించి చూడగా నాట్యశాలలో గురువు ఇచ్చేవి మూడు తరగతులుగా కనబడుతున్నవి.

మొదటివి పంచదగినవి. సమయం, దిద్దుబాటు, ముందు పంక్తిలో చోటు మొదలగునవి ఇట్టివి. ఇరువదిమంది పిల్లలున్న గంట తరగతిలో ప్రతి బిడ్డకు ఒక్క దిద్దుబాటైనా ఇవ్వడం అసాధ్యం కాదు. పంక్తులను వంతులవారీగా మార్చడం ఇంకా సులభం. అనుభవజ్ఞులైన గురువులు పాట మారినప్పుడెల్లా వెనుక పంక్తిని ముందుకు రమ్మంటారు. పంచదగినదానిని పంచకపోవడం అన్యాయమే. అది ఎక్కువ సందర్భాలలో ద్వేషం వల్ల గాక అలవాటు వల్ల జరుగుతున్నది. కన్ను అందమైన దానివైపు తనంతట తానే పోతుంది. దానిని త్రిప్పుకొనడమే గురువు సాధన.

రెండవవి పంచరానివి. నాయిక పాత్ర ఒక్కటే. దానిని ముక్కలు చేయలేము. వేళ్ల కొనలపై నిలిచి నర్తించడానికి వాడే పాయింట్ బూట్లు కూడా ఇట్టివే. తోటి పిల్లకు ఇచ్చారు, మా పిల్లకు ఇవ్వలేదు అని తల్లులు బాధపడుతారు. కాని ఈ బూట్లు వయసు, ఎముకల ఎదుగుదల, చీలమండ బలం, వెనుకటి శిక్షణ చూచి ఇవ్వవలసినవి. సాధారణంగా పదకొండు, పన్నెండేండ్ల ప్రాంతాన, కొన్ని సంవత్సరాల క్రమమైన అభ్యాసం తరువాతనే వాటిని తొడిగిస్తారు. తొందరపడి ఇచ్చిన గురువు ఆ బిడ్డకు మేలు చేసినట్లు కాదు. ఇక్కడ అసమానతయే న్యాయం. పంచరానిదానిని ఇచ్చేటప్పుడు పాటించవలసిన ధర్మం వేరు. నియమం ముందుగా చెప్పవలె. అది అందరికీ ఒకటే కావలె. పొందనివారికి కారణం చెప్పవలె. మగపిల్లలకు ఫీజు తగ్గింపు ఎందుకో బహిరంగంగా చెప్పిన పాఠశాలను గూర్చి గుసగుసలు తక్కువ. వెలుపల ఎగతాళికి గురయ్యే బాలురను ఈ కళలోకి ఆహ్వానించడానికి అది ఒక ఉపాయమని తెలిసినప్పుడు సమ్మతించేవారు సమ్మతిస్తారు, సమ్మతించనివారు కనీసం వాదించగలరు. చాటున జరిగినదానిని గూర్చి వాదించడానికైనా వీలుండదు.

మూడవవి ప్రతి బిడ్డకు పూర్తిగా ఇవ్వవలసినవి. గౌరవం, భద్రత ఇట్టివి. వీటిని సగము చేయరాదు, ప్రతిభను బట్టి కొలిచి ఇవ్వరాదు. ముందు పంక్తిలోని బిడ్డకూ వెనుక పంక్తిలోని బిడ్డకూ ఇవి నిండుగా అందవలె.

శరీరం, రంగు, వస్త్రం

ఈ మూడవ తరగతిలో లోపం జరిగినచోట దాని ఫలితం పాత్ర దక్కని దుఃఖం వలె ఒక సంవత్సరంలో మానిపోయేది కాదు. 2019లో ఆస్ట్రియా దేశపు వియన్నా రాజ్య ఆపెరా బ్యాలే అకాడమీలో పిల్లలను కొట్టడం, అవమానించడం జరిగినదని పత్రికలో వార్తలు వెలువడినవి. ప్రభుత్వం నియమించిన ప్రత్యేక సంఘం అదే సంవత్సరం డిసెంబరులో నివేదిక ఇచ్చి, పిల్లల శ్రేయస్సుకు తగినంత రక్షణ లేదని, వైద్య సంరక్షణ చాలదని తేల్చినది. 2023లో బ్రిటన్‌లో బీబీసీ ప్రసారం చేసిన ఒక కార్యక్రమంలో రెండు ప్రసిద్ధ బ్యాలే పాఠశాలల పూర్వ విద్యార్థులు తమ శరీరాలను గూర్చి విన్న కించపరచే మాటలను, వాని వలన కలిగిన ఆహార సంబంధమైన రుగ్మతలను వివరించారు. బొద్దుగా ఉన్నావు అనే మాట పదేండ్ల పిల్ల చెవిన పడిన తరువాత, ఆమె అద్దాన్ని చూచే తీరే మారిపోతుంది. బ్యాలే తరగతిలో గోడ నిండా అద్దమే ఉంటుందని మరువరాదు.

రంగు విషయం కూడా ఇట్టిదే. సియెర్రా లియోన్‌లో అనాథగా మిగిలి, అమెరికాలో ఒక కుటుంబానికి దత్తత వెళ్లి, ప్రఖ్యాత నర్తకి అయి, 2024లో చిన్నవయసుననే మరణించిన మికేలా డిప్రిన్స్ తన బాల్యంలోని ఒక సంఘటనను చెప్పేది. ఎనిమిదేండ్ల వయసులో నట్‌క్రాకర్ నాయిక పాత్రకు సిద్ధపడుతుండగా, నల్లపిల్ల ఆ పాత్రలో కనబడడానికి దేశం ఇంకా సిద్ధంగా లేదని చెప్పి ఆ పాత్రను ఆమెకు లేకుండా చేశారు. న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రదర్శనలో ఆ పాత్రను ఒక నల్లజాతి బాలిక మొదటిసారిగా ధరించినది 2019లో. బూట్లు, మేజోళ్లు గులాబీ రంగులో ఉండడానికి కారణం అవి తెల్లవారి చర్మంతో కలిసిపోయి కాలి రేఖ పొడవుగా కనబడడమే. నల్లపిల్లలు తమ బూట్లకు తామే రంగు పూసికొనవలసి వచ్చేది. ఆర్థర్ మిచెల్ సహస్థాపకుడుగా 1969లో ఏర్పడిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ తన నర్తకుల చర్మపు రంగుకు తగిన మేజోళ్లను, బూట్లను వాడే ఆచారం తెచ్చినది. లండనులోని ఫ్రీడ్ సంస్థ గోధుమవన్నె పాయింట్ బూట్లను తయారుచేయనారంభించినది 2018లో మాత్రమే. ఒక బూటు రంగులో ఇంత అర్థమున్నదా అని అడుగవచ్చును. ఈ కళ నీ కోసం ఉద్దేశింపబడినదా లేదా అని ఒక బిడ్డ తెలిసికొనేది ఇట్టి చిన్న వస్తువుల ద్వారానే.

వస్త్రం విషయంలో మన పాఠకులు ప్రత్యేకమైన ఆసక్తి కనబరచవచ్చును. శరీరాన్ని కప్పే దుస్తులు కోరే కుటుంబాల బాలికలు చాలకాలం ఈ కళకు దూరంగానే ఉండిపోయారు. ముస్లిం పిల్లలను దృష్టిలో ఉంచుకొని, సంగీతానికి బదులు కవితా పఠనంతో బ్యాలే నేర్పే గ్రేస్ అండ్ పాయిజ్ అనే అకాడమీ 2019లో లండనులో ప్రారంభమైనది. బ్రిటన్‌లోని 2010 నాటి సమానత్వ చట్టం జాతి, మతం, అంగవైకల్యం కారణంగా వివక్ష చూపరాదని శాసిస్తున్నది. ఫీజు తీసికొని సేవలందించే ప్రైవేటు తరగతులకు కూడా అది వర్తిస్తుంది. వైకల్యం గల బిడ్డ కోసం సమంజసమైన మార్పులు చేయవలసిన బాధ్యత పాఠశాలదే.

ఈ ప్రశ్న మన కళలకు అన్యమైనది కాదు. కూచిపూడి సంప్రదాయంలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు, బాలికలకు ప్రవేశం లేదు. ఆ తలుపు ఇరువదవ శతాబ్దంలో తెరుచుకొన్నది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఎందరో బాలికలకు శిక్షణ ఇచ్చారు. 1936లో కళాక్షేత్రాన్ని నెలకొల్పిన రుక్మిణీదేవి అరండేల్, పావ్లోవా బృందానికి చెందిన నర్తకి వద్ద బ్యాలే అభ్యసించిన సంగతి కూడా ఇక్కడ స్మరణీయం. నాట్యశాల వాకిట ఎవరిని నిలిపివేయడం, ఎవరిని రానివ్వడం అనే ప్రశ్న అన్ని దేశాలలోను ఒక్కటే.

తల్లిదండ్రుల కర్తవ్యం

సందేహం కలిగిన తల్లిదండ్రులు మొదట చేయవలసినది బిడ్డ మాట వినడం. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన, 1992లో మన దేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు కలదని పన్నెండవ అధికరణంలో పేర్కొన్నది. తరచుగా తల్లి దుఃఖం వేరు, బిడ్డ దుఃఖం వేరుగా ఉంటుంది. ఎలుక వేషం వేసినందుకు తల్లి కుమిలిపోతుండగా బిడ్డ తోక ఊపుతూ ఇల్లంతా ఆనందంగా తిరుగవచ్చును. అప్పుడు ఫిర్యాదు తల్లిదే గాని బిడ్డది కాదు. అట్లే అంతా బాగున్నదని తల్లి తృప్తిపడుతుండగా బిడ్డ తరగతి రోజున కడుపునొప్పి అని పడుకొనవచ్చును. అది అసలైన హెచ్చరిక.

రెండవది, తన బాధ పై మూడు తరగతులలో దేనికి చెందినదో నిర్ణయించుకొనడం. దృష్టి, పంక్తి వంటి విషయమైతే గురువుతో ఏకాంతంగా, పిల్లలు వినకుండా, తరగతి ముగిసిన తరువాత మాట్లాడవలె. మా అమ్మాయికి ఎందుకు ఇవ్వలేదు అని అడగడం కంటె, మా అమ్మాయి ఇంకా ఏమి నేర్చుకొనవలె అని అడగడం మేలు. మొదటి ప్రశ్న గురువును సమర్థనకు దింపుతుంది, రెండవది బోధనకు పురికొల్పుతుంది. ఇతరుల బిడ్డ పేరెత్తి పోల్చరాదు. ఆ బిడ్డ కూడా బిడ్డయే.

గౌరవానికి, భద్రతకు సంబంధించిన విషయమైతే ఈ మెత్తదనం పనికిరాదు. కొట్టడం, శరీరాన్ని ఎగతాళి చేయడం, తినవద్దని చెప్పడం, అనుచితంగా తాకడం జరిగినప్పుడు తేదీలతో సహా వ్రాసి ఉంచి, పాఠశాల పెద్దలకు, అవసరమైతే ప్రభుత్వాధికారులకు తెలుపవలె. బిడ్డ స్థానం పోతుందన్న భయంతో మౌనం వహించడం వల్లనే అట్టివి ఏండ్ల తరబడి సాగుతాయి. ఇంగ్లండులో నాట్యోపాధ్యాయుడు కావడానికి చట్టరీత్యా ఏ అర్హతా తప్పనిసరి కాదు. ఎవరైనను ఒక గది అద్దెకు తీసికొని తరగతి ప్రారంభింపవచ్చును. కావున గురువు ఏ సంస్థలో నమోదై ఉన్నారు, ఫిర్యాదు ఎవరికి చేయవలె అన్న సంగతులు చేరే దినాననే అడిగి తెలిసికొనడం వివేకం.

గురువుల, సంఘాల కర్తవ్యం

న్యాయం జరగడం ఒకటి, జరిగినట్లు కనబడడం మరొకటి. రెండూ అవసరమే. పాత్రల ఎంపికకు నియమాలు వ్రాసి ప్రకటించడం, గురువు సొంత బిడ్డో, సంఘ సభ్యుని బిడ్డో పోటీలో ఉన్నప్పుడు ఎంపికను బయటివారికి అప్పగించడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు తలుపు తెరచి తరగతిని చూపడం, తాకి సరిదిద్దేముందు బిడ్డను అడగడం, పేద పిల్లల దుస్తుల ఖర్చుకు చాటుగా సహాయం చేయడం, ఇవి ధనంతో గాక శ్రద్ధతో అయ్యే పనులు. శ్రేణీ పరీక్షలకు బయటి పరీక్షకులను పంపే పద్ధతిలోని మేలు కూడా ఇదే. ఒక కన్ను చూడనిదానిని మరొక కన్ను చూస్తుంది.

విద్యార్థులారా! మీలో చాలమంది రేపు ఉపాధ్యాయులు కాగలరు, అందరూ తల్లిదండ్రులు కాగలరు. మన కళాశాలలో కూడా వార్షికోత్సవం వస్తుంది, నాటకంలో పాత్రలు పంచుతారు, ముషాయిరాలోను కవి సమ్మేళనంలోను చదివేవారిని ఎంపిక చేస్తారు, క్రీడా జట్టును నిర్ణయిస్తారు. బ్యాలే తరగతిని గూర్చి మనం నేర్చుకొన్నది అక్కడ అక్షరాలా అన్వయిస్తుంది. అభ్యాసానికి అవకాశం అందరికీ పంచుదము. ఒక్కరికే దక్కే పాత్రను ముందుగా ప్రకటించిన నియమం ప్రకారం ఇచ్చి, దక్కనివారికి కారణం చెప్పుదము. గౌరవాన్ని మాత్రం ఎవరికీ కొలిచి ఇవ్వవద్దు. ఈ మూడు సూత్రాలను వార్షికోత్సవ ఎంపికలకు ముందుగా ప్రకటన ఫలకం మీద ఉంచవలసినదిగా కళాశాల సంఘం వారికి మనవి చేస్తున్నాము.